పటంలో పడవ: మనం ఎక్కడ కూర్చున్నాం?

(రాజమహేంద్రవరంలోని ఒక గ్రంథాలయంలో పటాలు కట్టే ఒకరు చేసిన ప్రసంగం. గోడకి తగిలించిన ప్రింట్లు చూపిస్తూ మాట్లాడారు.)

అందరికీ నమస్కారం. ఇంత వానలో కూడా వచ్చారు, చాలా సంతోషం.

నేను పటాలు కట్టేవాణ్ణి. ముప్పై ఏళ్ళు దాటింది ఈ పనిలోకి వచ్చి. దేవుడి పటాలు, పెళ్ళి ఫొటోలు, పెద్దలు పోతే వాళ్ళ ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్లు. మా షాపుకి వచ్చే పనిలో ముప్పాతిక వంతు ఇదే. మిగతా పావు వంతు "కొత్త ఇల్లండీ, హాల్లోకి ఏదైనా మంచి బొమ్మ కావాలి" అని వచ్చేవాళ్ళది. వాళ్ళు ఎక్కువగా అడిగేవి పరిగెత్తే గుర్రాలు, జలపాతం, పడవ. గుర్రాలైతే ఏడు ఉండాలంటారు. జలపాతం ఏ గోడకి పెట్టాలో ముందే ఎవరినో కనుక్కుని వస్తారు. పడవ దగ్గరికి వచ్చేసరికి అంత పట్టింపు కనిపించదు. ఎందుకు కావాలండీ అంటే, "ఏమో, చూస్తే మనసుకి హాయిగా ఉంటుంది" అంటారు.

ఆ హాయి ఎక్కణ్ణుంచి వస్తుందా అని చాలాకాలం ఆలోచించాను. నీళ్ళ వల్ల అనుకునేవాణ్ణి. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. పడవ బొమ్మలో మనకి కూర్చోవడానికి చోటు ఉంటుంది. గుర్రం బొమ్మలో ఉండదు, జలపాతంలో ఉండదు. పడవని చూడగానే మనసు వెళ్ళి అందులో ఒక బల్ల మీద కూర్చుంటుంది. ఏ బల్ల మీద, ఎటు మొహం పెట్టి అన్నది బొమ్మ గీసినాయన ముందే నిర్ణయించి పెడతాడు. ఈ పూట నేను చెప్పదలుచుకున్నది ఆ సంగతే.

ముందు ఒక చిన్న విషయం. మన గోదావరి మీద నాటు పడవ నడిపే మనిషిని గుర్తు తెచ్చుకోండి. గడ వేస్తాడు, లేకపోతే ఒంటి తెడ్డు వేస్తాడు. మొహం వెళ్ళేవైపే ఉంటుంది. నేను ఈ రోజు చూపించే బొమ్మల్లో ఎక్కువ భాగం వేరే రకం పడవలు. రెండు పక్కలా రెండు పొడవాటి తెడ్లు, పడవ అంచు మీద బిగించిన ఆనుల మధ్య ఆడుతుంటాయి. నడిపే మనిషి వెళ్ళే దిక్కుకి వీపు పెట్టి కూర్చుని, తెడ్లని ఛాతీ వైపు లాక్కుంటాడు. అలా లాగితే కాళ్ళ బలం, నడుము బలం, వీపు బలం అన్నీ తెడ్డులోకి వస్తాయి. దానికి అతను కట్టే సుంకం ఏమిటంటే, ఎటు వెళుతున్నాడో అతనికి కనపడదు. ఎక్కణ్ణుంచి వస్తున్నాడో అది మాత్రమే కనిపిస్తూ ఉంటుంది. చూడాలంటే మెడ తిప్పాలి.

ఈ ఒక్క విషయం మీద నిలబడిన గొప్ప బొమ్మలు ఉన్నాయి.

ఇది చూడండి. గుస్తావ్ కాయ్‌బోత్ అనే ఫ్రెంచి చిత్రకారుడు 1877-78 ప్రాంతంలో వేసినది. పారిస్‌కి దగ్గర్లో యేర్ అని ఒక ఊరు, అదే పేరుతో చిన్న నది. వాళ్ళ కుటుంబానికి అక్కడ ఒక ఎస్టేట్ ఉండేది. ఈయనకి పడవలంటే ప్రాణం. తర్వాత్తర్వాత తెరచాప పడవలకి తనే డిజైన్లు గీసి పందాల్లో దిగాడు. అందుకే ఈ బొమ్మలో పడవకి సంబంధించిన ఏ వస్తువూ ఊరికే పెట్టినట్టు ఉండదు. చూడండి, నెత్తిన పొడవాటి టోపీ, మెడకి బో టై, చారల చొక్కా. కోటు విప్పి పక్కన పెట్టుకున్నాడు. పట్నం నుంచి వచ్చిన పెద్దమనిషి సెలవు రోజున సరదాగా తెడ్డు పట్టాడు. రెండు చేతులూ మన వైపుకి వస్తున్నాయి. మోకాళ్ళు దాదాపు మనకి తగిలేంత దగ్గర్లో ఉన్నాయి.

ఇప్పుడు అడుగుతున్నాను, మనం ఎక్కడున్నాం? గట్టు మీద లేము. అదే పడవలో, అతనికి ఎదురు బల్ల మీద ఉన్నాం. వెళ్ళే దిక్కుకి వీపు పెట్టి తెడ్లు లాగుతున్నాడు కాబట్టే అతని మొహం మనకి పూర్తిగా కనిపిస్తోంది. గడ వేసే పడవైతే ఈ బొమ్మ ఇలా కుదరదు. దారి మనకి కనిపిస్తుంది, అతనికి కనిపించదు. అతను మన మీద భరోసాతో లాగుతున్నాడు. ఇరుకు పడవలో అలా ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరి మధ్య ఉండే చనువు ఈ బొమ్మలో ఉంది. చాలాకాలం ఆ కుటుంబం దగ్గరే ఉండిపోయింది ఇది. 2023లో పారిస్‌లోని ఓర్సే మ్యూజియంకి చేరింది. ఒక పెద్ద కంపెనీ 4 కోట్ల 30 లక్షల యూరోలు విరాళం ఇస్తే కొన్నారు.

ఇప్పుడు దీని పక్కన ఇంకొకటి పెడుతున్నాను. మేరీ కసాట్ వేసినది, 1893-94. ఆమెది అమెరికా, ఉన్నది ఫ్రాన్సులో. ఇది ఇప్పుడు వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీలో ఉంది. అసలు బొమ్మలు రెండూ దాదాపు ఒకే కొలత, సుమారు 90 సెంటీమీటర్ల ఎత్తు, 117 సెంటీమీటర్ల వెడల్పు. ఆ రోజుల్లో ఫ్రాన్సులో కాన్వాసులు నిర్ణయించిన సైజుల్లోనే అమ్మేవాళ్ళు, మన దగ్గర ఫొటోలకి సైజులు ఉన్నట్టు.

ఇందులో తెడ్డు వేసే మనిషి మనకి వీపు పెట్టాడు. ముదురు రంగు బట్టలు, నడుముకి నీలం గుడ్డ. బొమ్మలో ఒక పక్క అంతా ఆ వీపే. అతనికి ఎదురుగా ఒక తల్లి, ఒళ్ళో పిల్ల. ఒళ్ళో ఆ పిల్ల ఎలా వాలిపోయి పడుకుందో చూడండి. కాళ్ళు బార్లా చాపేసి, ఎండకి సోలిపోయిన పిల్లలు ఎలా పడుకుంటారో అచ్చం అలా. ఇక్కడ మనం పడవ రెండో కొసలో ఉన్నాం. కానీ కూర్చుని లేము. దూరంగా ఉన్న ఒడ్డు బొమ్మలో బాగా పైకి ఉంది చూశారా? పడవ లోపలి పసుపు రంగు అంతా పై నుంచి కనిపిస్తోంది. అంటే మనం కాస్త ఎత్తు నుంచి, నిలబడి చూస్తున్నాం. 1890లో పారిస్‌లో జపాన్ చెక్క అచ్చు బొమ్మల పెద్ద ప్రదర్శన జరిగింది, కసాట్ వాటిని చూసి చాలా ఇష్టపడింది. పై నుంచి చూడటం, బొమ్మ అంచు దగ్గర వస్తువుల్ని సగంలో కోసెయ్యడం ఆ చూపులోంచి వచ్చినవే.

ఒకే సైజు, రెండూ తెడ్డు వేసే పడవలే, మొదటిదాంట్లో ఒకరు, రెండోదాంట్లో ముగ్గురు. అయినా రెంటినీ ఒకే ఎత్తులో తగిలించకూడదు. పటం తగిలించేటప్పుడు అందరూ చెప్పే లెక్క ఒకటుంది, బొమ్మ మధ్యభాగం నేల నుంచి 145 నుంచి 150 సెంటీమీటర్లు ఉండాలని. నిలబడ్డ మనిషి కంటి ఎత్తు అది. మ్యూజియంలో సరే, అక్కడ అందరూ నడుస్తూ చూస్తారు. ఇంట్లో పటాన్ని కూర్చుని చూస్తాం. కాయ్‌బోత్ బొమ్మ కూర్చున్నవాడి కళ్ళతో వేసినది. దాన్ని నేనైతే సోఫాకి ఎదురు గోడకి, 120 సెంటీమీటర్ల దగ్గర పెడతాను. కసాట్ బొమ్మని వరండాలోనో, నడిచి వెళ్ళే చోటో, నిలబడి చూసే ఎత్తులో పెడతాను. మా షాపుకి వచ్చేవాళ్ళకి ఇది చెబితే మొదట నమ్మరు. ఒకసారి కిందకి దించి చూపిస్తే మళ్ళీ పైకి పెట్టమని అడిగినవాళ్ళు నాకు గుర్తు లేరు.

మెడ తిప్పడం గురించి చెప్పాను కదా. ఇదిగో, విన్‌స్లో హోమర్, అమెరికా, 1885. బోస్టన్ మ్యూజియంలో ఉంది. సముద్రం మీద ఒంటరి జాలరి. వాళ్ళ పద్ధతి ఏమిటంటే, పెద్ద ఓడ ఒకచోట ఉంటుంది, దాంట్లోంచి చిన్న చిన్న తెడ్డు పడవలు దించుకుని ఒక్కొక్కరూ వలలకీ గేలాలకీ వెళతారు, పట్టినవి తెచ్చి ఓడకి అప్పగిస్తారు. ఇతని పడవ వెనక భాగంలో పెద్ద పెద్ద హాలిబట్ చేపలు పడి ఉన్నాయి. మంచి వేట దొరికింది. ఆ బరువుకి పడవ వెనక్కి కుంగి, ముక్కు పైకి లేచింది. అతను తెడ్లు ఆపాడు. తల తిప్పి చూస్తున్నాడు. దూరంగా అతని ఓడ, దాని వెనకే పొగమంచు గోడలాగా లేస్తోంది. అది కమ్మేలోపు చేరాలి. ఇంతసేపూ అతను దానికి వీపు పెట్టి లాగుతున్నాడు, ఆ ఒక్క క్షణం తిరిగి చూశాడు. మొహం కూడా సరిగ్గా కనిపించదు మనకి, టోపీ నీడలో ఉంది. మెడ తిప్పిన తీరులోనే టెన్షన్ అంతా ఉంది.

హోమర్ దీని కోసం ఒక మనిషిని నిజం పడవలో కూర్చోబెట్టి, ఆ పడవని సముద్రపు ఒడ్డున ఇసుక మీద ఒరగబెట్టి గీసుకున్నాడు. అల మీద పడవ ఎంత వాలుతుందో ఆ వాలులోనే పెట్టాడు. పడవ బొమ్మకి ప్రాణం ఆ వాలులో, నీటి గీతలో ఉంటుంది. ఎంత బరువుకి ఎంత మునగాలో అంత మునగాలి. చేపలు ఒక కొసన వేసి పడవని సమంగా తేలించిన బొమ్మలు నేను బోలెడు చూశాను. చూసేవాడికి తప్పేమిటో తెలియదు, ఏదో అతకలేదని మాత్రం అనిపిస్తుంది.

ఈ బొమ్మ హాయి కోసం కొనేది కాదు. ఒకావిడ దీని ప్రింటు కట్టించుకుని, తన భర్త విదేశంలో ఓడ మీద పని చేస్తాడని చెప్పింది. పడగ్గదిలో మాత్రం పెట్టుకోకమ్మా అన్నాను. "హాల్లోనే పెడతాను బాబాయిగారూ, ఆయన సెలవుకి వచ్చినప్పుడు చూడాలి" అంది.

థామస్ ఈకిన్స్ అనే అమెరికా చిత్రకారుడి గురించి త్వరగా చెప్పేస్తాను. 1871, ఫిలడెల్ఫియాలో స్కూల్‌కిల్ నది, సన్నటి పందెం పడవ. ఆయన స్నేహితుడు తెడ్లు వదులుగా పట్టుకుని మన వైపు తిరిగి చూస్తున్నాడు. వెనక ఇంకో పడవలో తెడ్డు వేస్తూ కనిపించేది ఈకిన్సే. ఆ పడవ మీదే తన పేరు, సంవత్సరం రాసుకున్నాడు. దీన్ని ఎందుకు తెచ్చానంటే, ప్రింట్లు అమ్మేవాళ్ళు కొందరు సోఫా ఏ పక్కన ఉంటే ఆ పక్కకి బొమ్మని తిరగేసి వేసి ఇస్తారు, అద్దంలో చూసినట్టు. పడవ కుడి నుంచి ఎడమకి వెళుతుంటే ఎడమ నుంచి కుడికి మార్చేస్తారు. ఈకిన్స్ రాసుకున్న పేరు కూడా అలాగే తిరగబడిపోతుంది. అది నాకు చాలా బాధ కలిగిస్తుంది. గోడ మార్చండి, బొమ్మని మార్చకండి. పడవ ముక్కు ఎటు ఉందో ఆ పక్క గోడ కాస్త ఖాళీగా ఉండేలా చూసుకుంటే చాలు. ముక్కుకి ఆనుకుని బీరువా ఉందనుకోండి, పడవ వెళ్ళి దాన్ని గుద్దుకున్నట్టు ఉంటుంది.

ఇక మనుషులు లేని పడవ. మన దగ్గర ఎక్కువ అమ్ముడుపోయేది ఇదే. పొగమంచు, చెరువు, ఒడ్డున ఒక ఖాళీ పడవ. దీని గురించి నాకు ఒక పాఠం ఉంది, అది చెప్పాలి.

షాపు పెట్టిన కొత్తలో ఒకాయన ఫొటో తెచ్చాడు. నలుపు తెలుపు. గోదావరి ఒడ్డున ఖాళీ నాటు పడవ, లోపల తెడ్డు అడ్డంగా పెట్టి ఉంది, తాడు ఒకటి ముందుకి సాగి ఉంది. తెల్ల మౌంటు వేసి, టేకు బద్దతో కట్టమన్నాడు. మౌంటు అంటే తెలుసుగా, బొమ్మకీ ఫ్రేముకీ మధ్య చుట్టూ వేసే మందపాటి అట్ట. నాలుగు పక్కలా సమంగా రావాలని నేను ఎడమ పక్క అర అంగుళం మౌంటు కింద మూసేశాను. చూడ్డానికి బ్రహ్మాండంగా వచ్చింది. ఆయన పటం చేతిలోకి తీసుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లిగా, "గుంజ ఏదండీ?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"తాడు కట్టిన గుంజ. ఈ చివర ఉండాలి. అది లేకపోతే పడవ కొట్టుకుపోతుంది కదండీ."

ఆ పడవ వాళ్ళ నాన్నగారిది. పొద్దుగూకి ఇంటికి వెళ్ళేముందు ఆయన చేసే ఆఖరి పని పడవని గుంజకి కట్టడం. ఆ ఫొటోలో మనిషి లేడు, ఆ ముడి ఉంది. నేను దాన్ని అట్ట కింద మూసేశాను. మేకులు పీకి, మౌంటు మళ్ళీ కోసి, ఒక పక్క ఎక్కువ ఒక పక్క తక్కువ ఉన్నా సరే అని గుంజ కనిపించేలా కట్టి ఇచ్చాను. డబ్బులు తీసుకోలేదు. ఆ రోజు నుంచి ఏ బొమ్మ వచ్చినా సరే, "ఈ అంచు మూసెయ్యచ్చా" అని అడగకుండా మౌంటు కోయను.

అందుకే ఖాళీ పడవ బొమ్మ కొనేవాళ్ళకి ఒకటే చెబుతాను. తెడ్డు ఎక్కడుందో చూడండి, తాడు ఎక్కడికి వెళ్ళిందో చూడండి. ఆ రెండూ ఉంటే ఆ పడవకి మనిషి ఉన్నట్టు, ఇప్పుడే దిగి వెళ్ళినట్టు, మళ్ళీ వస్తున్నట్టు. ఆ రెండూ లేకుండా నడి నీళ్ళలో ఊరికే తేలే పడవ ఉంటుంది చూశారూ, దాన్ని చూస్తే నాకు హాయి కలగదు, ఎవరికో ఏదో అయిందనిపిస్తుంది.

వాన్ గో అనే చిత్రకారుడు 1888 జూన్‌లో ఫ్రాన్సు దక్షిణాన ఒక సముద్రతీర పల్లెకి వెళ్ళి కొద్ది రోజులు ఉన్నాడు. జాలర్లు తెల్లారేసరికి పడవలు తోసుకుని వెళ్ళిపోయేవాళ్ళు. అవి కదలకముందే, ఇసుక మీద ఉండగానే గబగబా గీసుకుని, ఊరికి తిరిగి వచ్చాక రంగులు వేశాడు. ఆ పడవల్ని చూస్తే పూలు గుర్తొస్తాయని ఉత్తరంలో రాశాడు. అవి తెడ్డు పడవలు కావు, తెరచాప పడవలు. కానీ ఖాళీగా ఉన్నా అవి ఎంత నిండుగా ఉంటాయో చూడండి. బయల్దేరబోయే పడవలు అవి.

రంగుల గురించి కాస్త. ఇది రెన్వార్ అనే ఫ్రెంచి చిత్రకారుడు 1875లో వేసినది, లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. నీలం నీళ్ళు, నారింజ రంగు పడవ, అందులో ఇద్దరు ఆడవాళ్ళు. నారింజ, నీలం ఒకదాని పక్కన ఒకటి పెడితే రెండూ మండినట్టు వెలుగుతాయి, అది తెలిసే పెట్టాడు. ఇలాంటి బొమ్మకి చాలామంది నీలం మౌంటు అడుగుతారు, నీళ్ళకి మ్యాచింగ్ అని. వద్దండీ. చుట్టూ నీలం వేస్తే లోపలి నీలం వెలవెలబోతుంది. కాస్త పసుపు పాలిన తెలుపు వేయండి, నీళ్ళు నీళ్ళలా ఉంటాయి.

ఇంకొకటి, ఎండ. అచ్చు వేసిన మామూలు ప్రింట్లలో ఎరుపు, పసుపు ముందు వెలిసిపోతాయి, నీలం ఎక్కువకాలం నిలుస్తుంది. పాత సినిమా పోస్టర్లు నీలంగా అయిపోవడం చూసే ఉంటారు. ఈ రెన్వార్ ప్రింటుని పడమటి ఎండ తగిలే గోడకి పెడితే కొన్నేళ్ళకి పడవ రంగు పోయి నీళ్ళే మిగులుతాయి. మా షాపుకి అలాంటివి బాగు చెయ్యమని తెస్తారు. బాగు చెయ్యడానికి ఏమీ ఉండదు.

మన ఊళ్ళో తేమ సంగతి మీకు చెప్పక్కర్లేదు. అద్దం బొమ్మకి నేరుగా తగలకూడదు. తగిలితే వానాకాలంలో చెమ్మ పట్టి కాగితం అద్దానికి అతుక్కుపోతుంది, ఊడదీస్తే బొమ్మ ఊడి వస్తుంది. మౌంటు అందం కోసమే కాదు, ఆ సందు కోసం. పటం వెనక కింది మూలల్లో రెండు రబ్బరు బిళ్ళలు అంటించండి, గోడకీ పటానికీ మధ్య గాలి ఆడుతుంది, చెదలూ కనిపిస్తాయి. మౌంటు అట్ట యాసిడ్ లేనిది అడిగి తీసుకోండి. చవక అట్టకి కొన్నేళ్ళలో కోసిన అంచు వెంట గోధుమరంగు గీత పడుతుంది, అది బొమ్మ మీదకీ పాకుతుంది.

ఆఖరుగా అందరికీ తెలిసిన బొమ్మ. జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ చెక్క అచ్చుగా వేసిన పెద్ద అల. 1831 ప్రాంతం నాటిది. జపాన్‌వాళ్ళు 2024లో తెచ్చిన వెయ్యి యెన్ల నోటు మీద కూడా వేశారు. మా షాపులో ఎన్నిసార్లు కట్టానో లెక్క లేదు. కట్టించుకున్న ప్రతివాళ్ళనీ ఒక ప్రశ్న అడుగుతాను, ఇందులో పడవలు ఎన్ని అని. చాలామంది "పడవలా?" అంటారు. మూడున్నాయి. చూడండి, ఇక్కడ, ఇక్కడ, ఇదిగో ఇక్కడ. ఒక్కో దాంట్లో ఎనిమిదేసి మంది తెడ్ల మీద వంగి, తలలు దించుకుని, గట్టిగా కరుచుకుని ఉన్నారు. ఇవి తాజా చేపల్ని 'ఎడో' అనే నగరానికి, అంటే ఇప్పటి టోక్యోకి, వేగంగా చేరవేసే పడవలు. చేప పాడయ్యేలోపు బజారుకి వెళ్ళాలి. అందుకే అంత సముద్రంలోనూ బయల్దేరారు.

అసలు అచ్చు ఎంత ఉంటుందో తెలుసా? సుమారు 25 సెంటీమీటర్లు, 37 సెంటీమీటర్లు. ఒక పెద్ద నోట్‌బుక్కు తెరిచిపెడితే ఎంతో అంత. దీన్ని నాలుగడుగులు చేసి హాల్లో పెడతారు. అల బాగా కనిపిస్తుంది, నిజమే. చిన్నదిగా ఉంటే మాత్రం మనమే దగ్గరికి వెళ్ళాలి. దగ్గరికి వెళ్ళినప్పుడే ఆ తలలు కనిపిస్తాయి. నేను మా ఇంట్లో అసలు సైజులోనే, మెట్ల మలుపు దగ్గర పెట్టుకున్నాను. రోజూ పైకి వెళుతూ ఒక పడవని చూస్తాను.

సరే, సమయం అయిపోయింది. ఒక్క పని చేద్దాం. బాబూ, ఆ కాయ్‌బోత్ పటాన్ని పై మేకు నుంచి తీసి కింది మేకుకి తగిలించు. నిన్న కొలిచి కొట్టాను దాన్ని. ఇంకాస్త కుడికి, ఆఁ, చాలు. ముందు వరుసలో ఉన్న అమ్మగారూ, మీరు లేవకండి, కుర్చీలో అలాగే ఉండి చూడండి. తెడ్డు ఎటు వస్తోంది? మీ మోకాళ్ళ మీదకేనా?